చేప ఉడకని ఇల్లు

గోడ గడియారం ముఖం మీద ఎర్ర రంగు పూసిన ముక్కలు రెండున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. పెద్ద ముల్లు ఆ ఎర్రలో ఉన్న మూడు నిమిషాలూ సముద్రం మీద ఏ పడవా రేడియోలో మాట్లాడకూడదట, ఒడ్డున ఉన్నవాళ్ళూ మాట్లాడకూడదట, ఎక్కడో బ్యాటరీ అడుగంటిన పడవేదైనా ఉంటే దాని నీరసపు గొంతు వినపడాలి కదా అని. గంటకి రెండుసార్లు సముద్రం మీది జనమంతా కూడబలుక్కుని నోరు మూసుకుంటారని నాకు ఈవేళ దాకా తెలీదు. తెలిసుంటే ఆ పద్ధతి మా ఇంట్లో కూడా పెట్టేదాన్ని, మా ఆయనకి మాటలెక్కువ. ఇప్పుడు ఆయనున్న పడవే పలకడం మానేసింది. నిన్న సాయంత్రం ఇక్కణ్ణించి పిలిస్తే పలకలేదు, పొద్దున పిలిస్తే పలకలేదు, మళ్ళీ ఐదింటికి పిలుస్తారు. ఇప్పుడు నాలుగు దాటింది. టౌన్స్‌విల్ రేవుగట్టు చివర రేడియో వాలంటీర్ల రేకుల గదిలో ఇనప కుర్చీలో కూచుని గరగర వింటున్నాను, తిరగలిలో మినుములు విసురుతున్నట్టుంది. ఆ రేడియో ముందు కూచున్నాయన పేరు మెర్వ్, రిటైరైన రైలు గార్డు, చెవులకి డిప్పలు తగిలించుకుని కళ్ళు మూసుకుని వింటాడు. ప్రార్థనలో ఉన్నాడనుకుని మొదట నేను గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడ్డాను.

నా పక్క కుర్చీలో హెలెనా. పడవ వాళ్ళది, నడిపేది వాళ్ళాయన స్టీవ్. ఈవిడ స్విమ్మింగ్ పూల్లో చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది, భుజాలు మగాడి భుజాల్లా ఉంటాయి. వచ్చినప్పట్నించీ పేపర్లో పదాల గళ్ళు నింపుకుంటోంది. స్టీవ్ లేటవడం తనకి కొత్త కాదట, పెళ్ళికే లేటుగా వచ్చాడట, చర్చి బయట వాళ్ళ నాన్న అప్పటికే కోటు విప్పేసి దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నాడట. మైకు మటుకు ఎవర్నీ ముట్టుకోనివ్వడట స్టీవ్. పడవలో అన్నం వండనిస్తాడు, ఇంజను చూడనిస్తాడు, సుక్కాని కూడా ఇస్తాడు, రేడియో మాత్రం నాది అంటాడట. ఇన్నేళ్ళలో ఆ పడవ నుంచి స్టీవ్ గొంతు తప్ప ఇంకో గొంతు విన్లేదని మెర్వ్ కూడా అన్నాడు. "హీ విల్ కమ్ ఆన్ అండ్ హీ విల్ బీ రూడ్, చూడు ప్రేమ్," అంది హెలెనా నాతో. ప్రేమలీల అనడం వీళ్ళకి చేతకాదు, చేతనైనంత పిలుస్తారు.

మా ఆయన రత్నరాజు ఇక్కడి యూనివర్సిటీలో లోహాల మేస్టారు. బెజవాడలో పుట్టి కూడా కృష్ణలో మోకాలి లోతు దాటి దిగని మనిషి. ఆయన్ని మునిగిన పాత ఓడల్ని వెతికే మ్యూజియం వాళ్ళు తీసుకెళ్ళడానికి కారణం తుప్పు. నూట యాభై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానిన లంగరుని పైకి లాగితే గాలి తగలగానే పొరలు పొరలుగా రాలిపోతుందట, దాన్ని బకెట్లో నీళ్ళలోనే ఉంచి ఎలా తేవాలో చెప్పే మనిషి కావాలట. ఇనుము తుప్పు పట్టిందని చెప్పడానికి మీరు అక్కడిదాకా వెళ్ళాలా, ఇక్కడ మన గేటు చూసి చెప్పకూడదా అన్నాను. నవ్వాడు. మ్యూజియం డైవర్లు ఇద్దరు, స్టీవ్, ఈయన, మొత్తం నలుగురు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

నాలుగున్నర. ముల్లు కింది ఎర్రలోకి దిగింది. మెర్వ్ చెయ్యెత్తాడు. హెలెనా పెన్ను ఆగింది. గరగర మాత్రం ఉంది, దాని వెనక ఎక్కడో ఇంకో గరగర, ఆ వెనకాల ఏదో ఉన్నట్టే ఉంటుంది, వింటే ఉండదు. చిన్నప్పుడు జగన్నాథపురం చర్చిలో మౌనప్రార్థన అంటే నాకు ఇలాగే అనిపించేది, అందరూ ఏదో వింటున్నారు నాకే వినపడట్లేదు అని. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడేదాన్ని. అమ్మమ్మ కళ్ళు మూసుకునేది కాదు. అందరూ తలొంచుకున్నప్పుడు ఆవిడ కిటికీలోంచి ఉప్పుటేరు వైపు చూసేది. ముల్లు ఎర్ర దాటింది, మెర్వ్ చెయ్యి దించాడు, హెలెనా ఏడక్షరాల మాటేదో రాసింది. నాకు టీ పోసి, చిలక బొమ్మున్న బిస్కట్ల డబ్బా నా వైపు జరిపాడు మెర్వ్. తిన్నాను. పొద్దుణ్ణించి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది, ఎందుకు తినలేదో కూడా గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లో గిన్నె.

అసలు ఈ ప్రయాణానికి ఈయన నాకు వేసిన ఎర మా ఊరి పేరు. ఓ రోజు డైనింగ్ టేబుల్ మీద సముద్రపు మ్యాపు పరిచి, లీలా ఇటు రా, చదువు అన్నాడు. తీరానికి చాలా దూరంగా, ఏమీ లేని నీలంలో, ఆవగింజలంత దీవులు, పక్కన కొరింగా అని. మా కోరంగే. మా అమ్మమ్మ పుట్టిన కోరంగి, ఒకప్పుడు గోదారి మూల ఓడలు కట్టిన కోరంగి. ఆ పేరున్న తెరచాప ఓడొకటి నూట యాభై ఏళ్ళ కిందట అక్కడ బద్దలైతే దీవులకి దాని పేరే పెట్టారట. మునిగినందుకు ఊరి పేరు నిలబడింది, తేలినవాటిని ఎవరూ తలుచుకోరు. ఆ చుట్టుపక్కల అలాంటివి చాలా ఉన్నాయట. సిడ్నీలో సరుకు దించేసి, ఖాళీగా, రాళ్ళ బరువుతో, మన మద్రాసుకో కలకత్తాకో వెళ్ళే ఓడలు ఈ సముద్రంలోంచే ఉత్తరంగా పోవాలి, అప్పటి మ్యాపుల్లో సగం పగడపు దిబ్బలు లేవు, ఉన్నవి ఉన్నచోట లేవు. కొన్నింటి పక్కన పీ.డీ. అని రాసుంది. పొజిషన్ డౌట్‌ఫుల్. ఎవడో ఎప్పుడో చూశాడు, ఎక్కడ చూశాడో వాడికే నమ్మకం లేదు. ఇరవై రెండేళ్ళ మా కాపురం పక్కన కూడా అదే రాయొచ్చు అని నేను అంటే ఈయన మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వే నాకు గిట్టదు. నేను నిజంగా అన్నమాటకి కూడా నవ్వుతాడు. ఆ ఓడల్లో పనిచేసినవాళ్ళలో మన తీరం వాళ్ళు బోలెడంతమంది అని చెప్పుకొచ్చాడు, తెరచాపలెత్తేవాళ్ళు, నీళ్ళు తోడేవాళ్ళు. మునిగాక చేసే రిపోర్టుల్లో కెప్టెనుకి పేరుంటుంది, అతని కింది మేటుకి పేరుంటుంది, కెప్టెను కుక్కకి కూడా పేరుంటుందట, మనవాళ్ళు ఎంతమందో అన్న లెక్క మాత్రం ఉంటుంది. నేను గిన్నెలు కడుక్కుంటున్నాను. లండన్లో ఇన్సూరెన్సు వాళ్ళ హాల్లో ఓ గంట ఉండేదట, ఓడ పోయిందని తెలిస్తే ఒక్క దెబ్బ, రాదనుకున్న ఓడ వచ్చేస్తే రెండు దెబ్బలు. మా అమ్మమ్మ అయితే రెండో దెబ్బ కొట్టేదాకా అక్కడే కూచునేది అన్నాను. అది కూడా నిజంగానే అన్నాను.

మా తాతని నేను చూళ్ళేదు, మా అమ్మకే లీలగా గుర్తు. కాకినాడ నుంచి రంగం, అదే రంగూన్, వెళ్ళే రెండు తెరచాప కొయ్యల ఓడలో సుక్కాని పట్టేవాడు. అప్పటికే పొగ ఓడలొచ్చేశాయి, తెరచాపవి పాతసామాను లెక్క, అయినా పెంకులకీ ఉప్పుకీ కొబ్బరికాయలకీ వాటినే కట్టేవారు. వెళ్ళేటప్పుడు గాలి తోస్తే వారం పది రోజులు, వచ్చేటప్పుడు దేవుడి దయ. ఓ ఏడు వెళ్ళింది, రాలేదు. తుపానని ఒకరు, అండమాన్లో చూశామని ఒకరు, రంగంలో ఇంకో పెళ్ళాంతో ఉన్నాడని ఒకరు. ఓడ మీద మనిషుండగా ఆ ఇంట్లో చేప ఉడకకూడదని మావాళ్ళ పట్టింపు. మతం మారినా అది మారలేదు, పాస్టరుగారి ఇంట్లోనూ పాటించేవారు. మనిషి నీళ్ళ మీద, చేప నీళ్ళ కింద, దాన్ని నువ్వు తింటే అది ఊరుకుంటుందా అనేవారు. మనిషి ఇంటికొచ్చాక మొదటి కూర చేపల కూరే. రాకపోతే, ఇంక రాడని పెద్దలు తేల్చాక, చర్చిలో ఆదరణ కూడిక పెట్టి, ఆ పూట వంజరం వండుతారు. శవం లేదు, పెట్టె లేదు, భూస్థాపన లేదు, ఆ కూర తినడమే సాగనంపడం. ఆ ముద్ద మింగితే మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టు. మా అమ్మమ్మ మింగలేదు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఇంటి ముందు నుంచి రోజూ తట్టలు వెళ్తుంటే, పప్పూ గోంగూరా తిని బతికింది. పుస్తెలు తియ్యలేదు, రంగు చీర మానలేదు. ఊళ్ళో నవ్వారు, నవ్వేవాళ్ళు కూడా ముసలాళ్ళయి పోయారు.

నాకు ఈ పట్టింపులు లేవు. ఫార్మసిస్టుని, ఏది తింటే ఏమవుతుందో ఉద్యోగరీత్యా తెలిసినదాన్ని. అయినా ఈయన బయల్దేరిన దగ్గర్నించీ చేప జోలికి పోలేదు, అదెందుకని నన్ను నేను అడగలేదు. నిన్న మా అమ్మాయి ఫేబీ గ్రాడ్యుయేషను. బ్రిస్బేన్లో. దానికి నాన్నొస్తానని మాటిచ్చాడు, వాతావరణం వల్ల పడవ ప్రయాణం వాయిదాపడి ఇదే రోజుల్లోకి వస్తే ఇది మానుకుని అటే వెళ్ళాడు. నేనొక్కదాన్నీ ఎందుకని నేనూ వెళ్ళలేదు, అది ఇంకో మూర్ఖత్వం. నిన్న సాయంత్రం అది ఫోన్ చేసి, ఇట్స్ ఫైన్ మమ్మీ, ఇట్స్ జస్ట్ ఎ హ్యాట్, అంది. అది అలా ఫైన్ అన్నప్పుడు ఎంత బాధపడిందో నాకు తెలుసు, తెలుగులో అరిచుంటే బాగుండేది. ఫోన్ పెట్టేసి, కారు తీసుకుని క్రీక్ దగ్గర పడవల వాళ్ళ కొట్టుకి వెళ్ళి స్పానిష్ మాకెరల్ కొన్నాను. అదే మన వంజరం. పేరు మార్చుకుని ఈ దేశంలో కాపురముంటోంది. చింతపండు చిక్కగా పిసికి, బెండకాయలు వేసి, ఆవగింజంత కూడా అనుమానం లేకుండా పులుసు పెట్టాను. పోతే పోనీ అని పైకే అన్నాను. ఎవరూ లేరు వినడానికి. చేపల పులుసు మర్నాడే రుచి కదా, అందుకని రాత్రి ముట్టుకోలేదు, బ్రెడ్డు తిని పడుకున్నాను. పొద్దున్నే మూత తీసి అన్నం పెట్టుకోబోతుంటే మెర్వ్ ఫోను.

కాబట్టి ఇప్పుడు లెక్క ఏమిటంటే, నేను వండాను గాని తినలేదు. మా అమ్మమ్మ ఉంటే దీన్ని ఏ ఖాతాలో వేసేదో. ఉడికితేనే తప్పా, మింగితేనే తప్పా. ఇలాంటి ప్రశ్నలు నాకు రావడమే నాకు నవ్వొస్తోంది. బయట మాగ్నెటిక్ ఐలాండ్ సగం మబ్బులో ఉంది. రేకుల మీద వాన మొదలై ఆగిపోయింది. ఈయన రాకపోతే ఏం చేస్తానో ఆలోచించాను, నిదానంగా, కిరాణా లిస్టు రాసుకున్నట్టు. ఇల్లు ఉంచుతాను. కారు అమ్ముతాను. పుస్తెలు? తెలీదు. చర్చిలో ఆదరణ కూడికకి సిడ్నీ నుంచి ఎవరొస్తారు, అక్కడ బ్లాక్‌టౌన్ పేటలో ఉండే మా కళావతి వస్తుంది, వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంది, దానికి ఏడవడానికి ఏదైనా ఒకటే. ఫేబీకి ఎలా చెప్పాలి, ఇంగ్లీషులో చెప్పాలి. ఇక్కడ ఆగాను. ఫేబీ దగ్గర ఆగాను. అప్పుడు తెలిసింది, నాకు ఈయన కావాలి. ప్రేమ వగైరాల పేరు పెట్టలేను, ఆ నవ్వు కూడా నాకు గిట్టదు, ఐనా ఆ నవ్వు లేని వంటింట్లో గిన్నెలు కడగడం నావల్ల కాదు. అంతే, ఇంకేం లేదు. హెలెనా, "యూ ఆల్‌రైట్, లవ్?" అంది. ఆల్‌రైట్ అన్నాను. నా గుప్పిట్లో రెండో బిస్కట్ పొడైపోయుంది.

అమ్మమ్మ చేప తిన్న రోజు నేనున్నాను. నాకు పన్నెండో పదమూడో. వానాకాలం. అరుగు మీద కూచుని ఉన్నట్టుండి మా అమ్మని పిలిచి, ఒసే, వంజరం పులుసు పెట్టవే అంది. మా అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. పెట్టింది. అమ్మమ్మ పీట వేసుకుని, తీరిగ్గా, ఒక్కో ముల్లూ తీసి కంచం అంచున వరసగా పేర్చుకుంటూ తింది. మేమంతా గుమ్మంలో నిలబడి చూశాం. నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, ఎందుకే అలా చూస్తారు, ఆయనకిప్పుడు డెబ్భై దాటుంటాయి, ఇంక ఓడెక్కే ఓపికెక్కడిది, రాడులే, అంది. అంతే. ఏడుపు లేదు. సాయంత్రం పుస్తెలు తీసి బైబిల్లో పెట్టింది. ఆదివారం ఆదరణ కూడిక పెట్టించమంది. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారికి నలభై ఏళ్ళనాడు పోయిన మనిషి కోసం ఎవరిని ఆదరించాలో తెలీక, బల్లల మీద ముందు వరసలో కూచున్న మమ్మల్ని, మనవల్ని, ఆదరించాడు. నాకు అప్పుడు అమ్మమ్మ మీద కోపమొచ్చింది, ఇన్నాళ్ళు ఆగినదానివి ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయావా అని. ఇప్పుడు ఆ కోపం లేదు. వదిలెయ్యడం కూడా ఎవరి చేతుల్తో వాళ్ళు చేసుకోవాలి, ఇంకోళ్ళు వండిపెడితే కుదరదు.

ఐదు. ముల్లు పై ఎర్రలోకి ఎక్కింది. మెర్వ్ చెయ్యెత్తాడు. ఈ మూడు నిమిషాలయ్యాక పిలుస్తాడు. హెలెనా పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. గరగర. దాని వెనక గరగర. నేను కళ్ళు మూసుకోలేదు, కిటికీలోంచి నీళ్ళ వైపు చూశాను. ఆ గరగరలోంచి, చాలా దూరంగా, బావిలోంచి అరిచినట్టు, ఒక గొంతు పడవ పేరు చెప్పింది. తప్పుగా చెప్పింది, ముందు చెప్పాల్సింది వెనక చెప్పింది, ఓవర్ అనడం మర్చిపోయింది. బెజవాడ ఇంగ్లీషు. మా ఆయన. సంతోషం, నేను దాచుకోలేని సంతోషం. పక్కకి తిరిగి హెలెనా చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా, కదలకుండా ఉంది. ఆవిడ రేడియో వైపు చూట్లేదు. మెర్వ్ వైపు చూస్తోంది. మెర్వ్ తలెత్తట్లేదు. అప్పటిగ్గానీ నాకు తట్టలేదు, ఆ మైకు మా ఆయన చేతిలో ఎందుకుందో.

తర్వాత అంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది. నిన్న మధ్యాహ్నం గాలివాన. లంగరు జారి పడవ దిబ్బ మీదికి పోతుంటే రెండో లంగరు వెయ్యడానికి స్టీవ్ చిన్న తెప్పలో దిగాడు. లంగరు పడింది. పడవ నిలబడింది. తెప్ప మాత్రం కనపడలేదు. రేడియో తీగె విరిగి, అతుకు తుప్పుపట్టి పలకలేదు, ఈవేళంతా కూచుని ఈయన ఆ తుప్పు గీకాడు. ముగ్గురూ బాగున్నారు. తెల్లారగానే విమానం వెతకడానికి వెళ్తుంది. చివర్లో, హెలెనా అక్కడుందా, అని అడిగాడు. ఆవిడ లేచి మెర్వ్ దగ్గర మైకు తీసుకుంది. "తెప్పలో నీళ్ళున్నాయా తాగడానికి?" అని అడిగింది. ఉన్నాయి అన్నాడు ఈయన. "గుడ్," అంది. ఓవర్ అనడం మర్చిపోలేదు.

ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపి, వాళ్ళక్క వచ్చేదాకా ఉండి, మా ఇంటికెళ్ళాను. ఫ్రిజ్ తీసి గిన్నె బయటపెట్టాను. నూనె పైకి తేలి, ఎర్రగా, సరిగ్గా మర్నాటి రంగులో ఉంది. నేను చింతపండు పిసకడానికీ ఆ తెప్పకీ ఏ సంబంధమూ లేదు, సముద్రానికి నా వంటింటి సంగతి తెలీదు. ఆ మాట రెండుసార్లు అనుకుని, గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో మామిడిచెట్టు వెనక గొయ్యి తీసి పాతేశాను. చేతులు కడుక్కుని పప్పు పొయ్యి మీద పెట్టాను. టమాటా వేసి, కారం తగ్గించి, ఇంగువ పోపు పెట్టి, వేడన్నం డబ్బాలో సర్దుకుని మళ్ళీ హెలెనా ఇంటికి వెళ్ళాను.

పొద్దు గుంకుతోంది. అప్పటికే వీధిలో వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఇక్కడివాళ్ళు ఏడవడానికి రారు, వండుకుని వస్తారు. వంటింటి బల్ల మీద కేకు, రొట్టె, మధ్యలో పింగాణీ ట్రేలో ట్యూనా మోర్నే, ట్యూనా అంటే చేపే, పైన చీజు కాలి బంగారు రంగుకి వచ్చుంది. ఎవరో మంచిమనిషి, ఎంతో ఓపిగ్గా చేసింది. హెలెనా హాల్లో టెలిఫోను పక్కన కూచుంది, ఎదురుగా స్టీవ్ చెప్పులు, ఇసకతో. వాళ్ళక్క ఎవరితోనో గుమ్మంలో మాట్లాడుతోంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ట్రే మీద తువ్వాలు కప్పి, వెనక తలుపులోంచి తీసుకెళ్ళి, నా కారు వెనక సీట్లో కింద పెట్టి వచ్చాను. నా జన్మలో దొంగతనం చెయ్యడం అదే మొదలు. తిరిగొచ్చి గిన్నెలో పప్పన్నం కలిపి, నెయ్యి లేదని వెన్న వేసి, చెంచాతో ఆవిడకిచ్చాను. తింది. ఇదేమిటని అడగలేదు. సగం తిన్నాక చెంచా ఆపి, "వాళ్ళు ఇంకా వెతుకుతున్నారు కదా, ప్రేమ్?" అంది.

"తెల్లారగానే," అన్నాను. "ఇది పూర్తిగా తినెయ్యి. నేను రేపు మళ్ళీ పప్పే తెస్తాను."